చెయ్యి లేవని పెద్దమ్మకు జాకెట్టు ఎవరు కుడతారు?

"ఎటు చూసినా కుర్రకారు కాలమే నడుస్తోంది. ఇలాంటప్పుడు వయసు పైబడటంలో సంతోషం ఏమైనా ఉంటుందా, కష్టాలేంటి? అరవై దాటినవాళ్లు చెప్పండి" అని ఒకరు అడిగారు. నాకు అరవై మూడేళ్లు. చెప్తాను, కానీ నాకు తెలిసిన పని మీదుగానే చెప్తాను.

మాది మహబూబ్‌నగర్. మెట్టుగడ్డ దగ్గర మా ఇంటి ముందు గదే నా టైలరింగ్ షాపు. 1984లో మా ఆయన ఎవరి దగ్గరో వాడిన కాలి మిషన్ ఒకటి కొనిచ్చారు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. మిషన్ ఇంకా నడుస్తోంది. జాకెట్లు కుట్టబట్టి నలభై ఏళ్లు దాటింది. మనిషికి వయసు ఎలా వస్తుందో టైలరుకు తెలిసినంతగా డాక్టరుకు కూడా తెలియదని నా గట్టి నమ్మకం. డాక్టరు రోగం వచ్చినప్పుడే చూస్తాడు. మేం ప్రతి పండుగకూ, ప్రతి పెళ్లికీ టేపు పెట్టి చూస్తాం. పెళ్లి జాకెట్టుకు నా దగ్గరికి వచ్చిన పిల్లే ఇప్పుడు మనవడి తొట్టెల ఫంక్షన్‌కు కుట్టించుకోవడానికి వస్తోంది. ఎవరి భుజం ఎప్పుడు జారిందో, ఎవరి వీపు ఎప్పుడు వంగిందో అన్నీ నా కొలతల పుస్తకాల్లో ఉన్నాయి.

యాభై అయిదు దాటాక చాలామందికి వెన్ను కాస్త వంగుతుంది, భుజాలు ముందుకు వస్తాయి. అప్పుడు వెనక పొడుగు పెరుగుతుంది, ముందు పొడుగు తగ్గుతుంది. కానీ వాళ్లు ఇరవై ఏళ్ల కిందటి ఆది జాకెట్టు తెచ్చి "దీని లెక్కనే కుట్టు" అంటారు. అలాగే కుడితే వెనక పైకి ఎక్కుతుంది, ముందు ముడతలు పడుతుంది. లావయ్యామేమో అనుకుని ఇంకో ఇంచు లూజు పెట్టమంటారు. వాళ్లకు కావలసింది లూజు కాదు. వెనక ఇంచు, ఇంచున్నర పెంచాలి. ముందు ముప్పావు ఇంచు తగ్గించాలి. ఈ చిన్న సంగతి నేర్పించడం నేనైతే ఎక్కడా చూడలేదు. ఇప్పుడు మిషన్ నేర్చుకునే ఆడపిల్లలను అడగండి, ప్రిన్సెస్ కట్ చెప్తారు, బోట్ నెక్ చెప్తారు, మగ్గం వర్క్‌కు గుడ్డ ఎలా బిగించాలో చెప్తారు. వంగిన వీపుకు ఎలా కత్తిరించాలమ్మా అంటే ముఖం చూస్తారు. పిల్లల తప్పు కాదు, వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

క్లాక్ టవర్ దగ్గర బట్టల షాపుల్లో అద్దాల వెనక బొమ్మలు నిలబెడతారు కదా. ఒక్క బొమ్మకైనా పొట్ట ఉందా? వీపు వంగిన బొమ్మ ఎక్కడైనా చూశారా? ఊళ్లో చీరలు కొనేవాళ్లలో నలభై దాటినవాళ్లు ఎంతోమంది. బొమ్మలు మాత్రం అన్నీ ఇరవై ఏళ్లవి.

ఇక అసలు సంగతి. పోయిన ఏడాది వేసవిలో హన్వాడ వైపు ఊరి నుంచి ఒక పెళ్లికూతురు వచ్చింది. వాళ్ల అమ్మ, ఇద్దరు మేనత్తలు, నానమ్మ కూడా వచ్చారు. నానమ్మకు డెబ్బై ఎనిమిదట, నేను పెద్దమ్మ అనే పిలిచాను. అందరూ ఫోన్ చుట్టూ చేరి డిజైన్లు చూస్తున్నారు. ఈమె గోడ వారగా బెంచీ మీద కూర్చుంది. అది మే నెల, ఫ్యాన్ గాలి కూడా వేడిగా వస్తోంది. అంత ఎండలోనూ కొంగు రెండు భుజాల మీదుగా నిండా కప్పుకుని ఉంది. మంచినీళ్ల గ్లాసు అందిస్తే ఎడమ చేత్తో తీసుకుంది. అప్పుడు కొంగు జారింది. చూస్తే జాకెట్టు ఎడమ చేతికి మాత్రమే తొడుక్కుంది. కుడి చెయ్యి బయటే ఉంది. హుక్కులు పెట్టలేదు. వేలాడుతున్న జాకెట్టు ఖాళీ చేతిని మడిచి నడుములో దోపుకుంది.

నేను చూశానని ఆమెకు తెలిసిపోయింది. గబగబా కొంగు లాక్కుంది.

మిగతావాళ్లు గుడ్డలు ఎంచుకుంటుంటే పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. "చెయ్యి లేస్తలేదు బిడ్డా. రెండేండ్లాయె. కోడలు తొడుగుతనంటది, ఆమె గుంజితే పానం పోతది. రైక సక్కగ తొడుగుడే ఇడిసిపెట్టిన" అంది. షుగర్ ఉందట. షుగర్ ఉన్నవాళ్లకు ఈ భుజం పట్టేయడం ఎక్కువ, నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎందరినో చూశాను. "మరి లగ్గానికి?" అన్నాను. "నేను రాను. ఇంటికాడ ఉంట. ముసల్దాన్ని, నన్నెవరు జూస్తరు?" అంది.

నాకు కడుపులో దేవినట్టయింది. మనవరాలి పెళ్లి పెట్టుకుని ఈమె ఇంటి దగ్గర ఉండిపోతానంటోంది. కాళ్లు బాగానే ఉన్నాయి, నడుస్తోంది. కళ్లు కనిపిస్తున్నాయి. అడ్డమొచ్చింది జాకెట్టు. ఇంట్లో ఎవరికీ అది తట్టలేదు. ఆమె రానంటే ఓపిక లేదేమో అనుకున్నారు. మన పెద్దవాళ్లు "నాకెందుకులే" అన్నప్పుడల్లా వెనక ఇలాంటిదే ఏదో ఒకటి ఉంటుందని నేనంటాను. మెట్లకు రెయిలింగ్ ఉండదు, ఫంక్షన్ హాల్లో బాత్రూమ్ దూరంగా ఉంటుంది, లేదంటే హుక్కు పెట్టుకోవడానికి వేళ్లు వంగవు. బయటకి చెప్పుకోలేక "నాకెందుకులే" అంటారు. మనం దాన్ని వైరాగ్యం అనుకుంటాం.

"పెద్దమ్మా, నీకు నేను కుడతాను, కొలత ఇయ్యి" అన్నాను. చాలాసేపు ఒప్పుకోలేదు. చివరికి లోపలి గదిలోకి తీసుకెళ్లి కొలిచాను. కుడి చెయ్యి పక్కకు జానెడు కూడా లేవలేదు.

మొదట కుట్టింది పనికి రాలేదు. చంక బాగా కిందికి తవ్వి పెద్దగా కత్తిరించాను. చెయ్యి సులువుగా దూరుతుందనుకున్నాను. దూరింది గానీ, చెయ్యి కాస్త కదిపితే చాలు జాకెట్టు మొత్తం పైకి లేచి వస్తోంది. ఇంత అనుభవం ఉండి అక్కడ తప్పు చేశాను. రాత్రి పడుకుంటే మా అమ్మమ్మ ముడి రవిక గుర్తొచ్చింది. ముందు రెండు కొసలు ముడేసుకునే రవిక, హుక్కు లేదు, గుండీ లేదు. చంకలో నాలుగు పలకల చిన్న ముక్క అతికి ఉండేది. చిన్నప్పుడు అదేదో చిరుగుకు వేసిన అతుకు అనుకునేదాన్ని. ఆ ముక్క ఉంటే చంక పైనే ఉంటుంది, చెయ్యికి మాత్రం కదలడానికి జాగా దొరుకుతుంది.

మర్నాడు అలాగే కుట్టాను. పల్చటి నూలు గుడ్డ, లైనింగ్ లేదు. చంకలో మూడించుల ముక్క, క్రాస్‌లో కత్తిరించి పెట్టాను, సాగుతుందని. ముందు మొత్తం తెరుచుకునేలా చేసి హుక్కులకు బదులు నాలుగు పెద్ద గుండీలు వేశాను. చేతులు మోచేతి దాకా వదులుగా ఉంచాను. లోపలి కుట్లన్నీ మడిచి మూసేశాను. పెద్దవాళ్ల చర్మం పల్చబడుతుంది, ఓవర్‌లాక్ దారం గీసుకుంటే కందిపోతుంది.

తొడగడం కూడా కోడలికి చూపించాను. అందరూ బాగున్న చెయ్యి ముందు దూర్చి, నొప్పి చెయ్యిని వెనక్కి గుంజుతారు. అది తప్పు. నొప్పి చెయ్యి ఒంటికి ఆనించే ఉంచి, ముందు దానికి తొడగాలి. గుడ్డ వీపు మీదుగా తిప్పి తర్వాత బాగున్న చెయ్యి దూర్చాలి. విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు, నొప్పి చెయ్యి ఆఖరున. కోడలు చేసింది. పెద్దమ్మ కళ్లు మూసుకుని పళ్లు బిగబట్టుకుని నిలబడింది, నొప్పి వస్తుందని. గుండీలు పెట్టడం కూడా అయిపోయింది. "ఐపాయెనా?" అని కళ్లు తెరిచింది. అద్దం దగ్గరికి పోయి భుజం మీద గుడ్డను ఎడమ చేత్తో రెండుసార్లు సర్దుకుంది. ఏమీ అనలేదు. కోడలే ఏడ్చింది.

పెళ్లికి నన్ను పిలిచారు, పోయాను. పెద్దమ్మ ముందు వరసలో కుర్చీలో కూర్చుంది. మా పక్కనే ఉన్న నారాయణపేట నుంచి తెప్పించిన గళ్ల చీర కట్టుకుంది. అక్షింతలు వేసే టైముకు ఇద్దరు మనవలు పట్టుకుని మండపం దాకా తీసుకెళ్లారు. పిల్ల తల వంచింది. చెయ్యి పైకి లేవదు కదా, మోచెయ్యి ఒంటికి ఆనించే అక్షింతలు జార్చింది. నేను ఎన్ని పెళ్లిళ్లకు కుట్టానో లెక్క లేదు, ఈ పెళ్లి మాత్రం మరిచిపోను.

అప్పటి నుంచి నేను పెద్దవాళ్లకే ఎక్కువగా కుడుతున్నాను. మా అబ్బాయి సికింద్రాబాద్‌లో ఉంటాడు, "ఇంక మానెయ్యమ్మా, నా దగ్గరికి వచ్చెయ్" అంటాడు. పోయి వస్తుంటాను. ట్రైన్‌లో అరవై దాటిన మగవాళ్లకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్లకు 50 శాతం టికెట్ తగ్గింపు ఉండేది. కరోనా వచ్చినప్పుడు 2020 మార్చిలో ఆపేశారు. కరోనా పోయింది, తగ్గింపు మాత్రం తిరిగి రాలేదు. మా చుట్టుపక్కల ఒక్కరూ దీని గురించి గట్టిగా అడగరు. అలాగే రేషన్ షాపులో వేలిముద్ర. నలభై ఏళ్లు సూదులు గుచ్చుకుని, కత్తెర పట్టి నా వేళ్ల గీతలు అరిగిపోయాయి. నాలుగు వేళ్లు మార్చి మార్చి పెట్టాలి. వెనక లైన్లో ఉన్నవాళ్లు "తొందరగా కానియ్యమ్మా" అంటారు. అరిగింది పని చేసే కదా. చేతి పని చేసి బతికిన పెద్దవాళ్లు ఎంతోమంది ఉన్న జిల్లా ఇది. పాలమూరు లేబర్ అని దేశమంతా పోయి ప్రాజెక్టులు తవ్వి కట్టిన చేతులు ఇక్కడివే. ఆ చేతుల్లో గీతలు ఎక్కడ మిగులుతాయి?

ఇంకొకటి కూడా చెప్పాలి. ఎవరైనా మెచ్చుకోవాలంటే "మీకు అరవై మూడంటే నమ్మలేం, యాభైలా ఉన్నారు" అంటారు. మంచి మనసుతోనే అంటారు, నాకు తెలుసు. నాకు మాత్రం అది నచ్చదు. ఆ పదమూడేళ్లు నేను ఊరికే బతకలేదు. మా ఊరి పిల్లలమర్రి చూడండి. ఏడు వందల ఏళ్ల చెట్టు అంటారు. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగి పడింది. చెద పట్టిందని తర్వాత మందు కలిపి సెలైన్ బాటిళ్లు పెట్టారు, బరువు ఆగని కొమ్మల కింద దిమ్మెలు కట్టారు. ముసలిది కాబట్టే అంత ఆరాటపడ్డారు. కొమ్మకు దిమ్మె కట్టినట్టే మనుషులకూ కావలసిన చోట ఆసరా పెడితే చాలు.

సంతోషాల గురించి అడిగారు కదా. ఉన్నాయి, చాలా ఉన్నాయి. ముప్పై ఏళ్లప్పుడు దసరా వచ్చిందంటే టెన్షన్‌తో అన్నం సహించేది కాదు. అరవై జాకెట్లు ఒప్పుకుని రాత్రంతా కుట్టేదాన్ని, ఎవరికీ కాదనడానికి ధైర్యం చాలేది కాదు. ఇప్పుడు రోజుకు రెండే. చీకటి పడితే నల్ల గుడ్డ ముట్టను. కాదని నవ్వుతూ చెప్తాను, వాళ్లూ సరేనంటారు. కళ్లు తగ్గాయి కానీ చేతులకు తెలివి పెరిగింది. గుడ్డను వేళ్ల మధ్య నలిపితే ఉతికాక ఎంత కుంచించుకుపోతుందో చెప్పగలను. ఇది ముప్పై ఏళ్లప్పుడు నాకు రాదు.

సూదిలో దారం ఎక్కించడమే కష్టం. పక్కింట్లో ఇంటర్ చదివే అబ్బాయి ఉన్నాడు. రోజూ సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, బ్యాగు దించకుండానే పది సూదుల్లో దారం ఎక్కించి, వరసగా గుచ్చి పెట్టి పోతాడు. తెల్లవి అయిదు, నల్లవి మూడు, ఎర్రవి రెండు. నేను అడగలేదు. ఒకరోజు నా తిప్పలు చూసి తనే మొదలుపెట్టాడు. అందుకే కుర్రకారును తిట్టే పెద్దవాళ్లతో నేను కలవను. ఎవరికి ఏం కావాలో పిల్లల కంట పడాలి, అంతే. పడితే చేస్తారు.

2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక నేను, ఇద్దరు స్నేహితురాళ్లు కురుమూర్తి జాతరకు పోయి వచ్చాం. ఉద్దాల (స్వామి పాదుకల) ఉత్సవం రోజున జనంలో నలిగిపోయాం. మోకాళ్లు వారం రోజులు నొప్పి పెట్టాయి. పెళ్లయ్యాక ఇంట్లో ఎవరినీ డబ్బులు అడగకుండా, ఎవరికీ వంట చేసి పెట్టకుండా నా ఇష్టానికి పోయిన ఊరు అదే మొదటిది. ఇది వయసు ఇచ్చిందే.

బతుకమ్మకు పది రోజుల ముందు పెద్దమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి కోడలు లేదు. మనవడు బండి మీద దింపి పోయాడు. నీలం గుడ్డ ఒకటి నా ముందు పెట్టింది, పింఛన్ డబ్బులతో తనే కొనుక్కుందట. మొదటి జాకెట్టు లోపల టాబ్లెట్లు పెట్టుకోవడానికి చిన్న జేబు కుట్టాను, అది గుర్తుంచుకుంది. "గట్లనే కుట్టు బిడ్డా, జేబు మాత్రం ఇంక జర పెద్దగ పెట్టు. ఫోను గూడ పట్టాలె" అంది.