విప్పే ముందు ఈ ఉత్తరం చదువు

తెనాలి,
ఆదివారం పొద్దున్న

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు ఆఫీసుకి రెండు నెలలు సెలవు పెట్టి పాత హార్మోనియాల వెంట తిరుగుతోంది, కాస్త గట్టిగా చెప్పు" అంది. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు, సంతోషంతో. నా తర్వాత మన ఇంట్లో ఆ పెట్టెలో తల దూర్చేవాళ్లు ఉండరనుకున్నాను. తెల్లారి లేచి నువ్వు పంపిన ఫోటో మళ్లీ చూశాను. పెట్టె పక్కన స్క్రూడ్రైవర్ ఉంది. అప్పుడు మొదలైంది టెన్షన్.

ఇంకా విప్పలేదు కదా?

లేబుల్ మీద ఇంగ్లీషులో "కోకనాడ" అని ఉంది కాబట్టి ఇది స్వాతంత్ర్యానికి ముందుదే అని రాశావు. తొందరపడకు. ఊరి పేరు కాకినాడ అయిందని ఏ మేస్త్రీ పాత లేబుళ్లు పారేయడు. వెయ్యి అచ్చు వేయిస్తే వెయ్యీ అయ్యేదాకా అంటిస్తాడు. పిన్ కోడ్ ఉంటే 1972కి ముందుది కాదు. ధర అణాల్లో ఉంటే ఆ కాగితం 1957కి ముందు అచ్చయి ఉండాలి. కాగితం సంగతే అది, పెట్టె సంగతి కాదు. లేబుల్ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ప్రెస్సు పేరు ఉందేమో భూతద్దం పెట్టి చూడు. ఈ మేస్త్రి ఎవరికీ తెలియదు గానీ, ప్రెస్సు అలా కాదు. అదే ప్రెస్సు వేసిన పుస్తకాల మీద సంవత్సరాలుంటాయి.

రీడ్ల మీద, అంటే గాలి తగిలి స్వరం పలికే ఆ ఇత్తడి రేకుల మీద, జర్మనీ ముద్ర చూసి మురిసిపోకు. ఒకప్పుడు మంచి రీడ్లు పారిస్ నుంచి, జర్మనీ నుంచి వచ్చేవి. 1939లో యుద్ధం వచ్చాక జర్మనీ సరుకు ఆగిపోయింది. అప్పటి నుంచి పాడైన పెట్టెలోంచి రీడ్లు ఊడదీసి కొత్త పెట్టెలో బిగించడం మామూలైపోయింది. తాతగారి పళ్లు మనవడికి కట్టినట్టు. తిత్తి లోపల పాత న్యూస్ పేపర్ అంటించి ఉంటే దాని తారీఖూ అంతే. తిత్తి ఆ రోజుకి ముందుది కాదని చెబుతుంది, పెట్టె పుట్టిన రోజు చెప్పదు. స్టార్ స్క్రూ కనిపిస్తే ఎవరో తర్వాత చెయ్యి పెట్టారని అర్థం. శ్రుతి పట్టి చూసి ఏడాది లెక్కగట్టే పని అసలే వద్దు. రీడు కొనను గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. నూరేళ్లలో ఎంతమంది గీకారో ఎవరికి తెలుసు? నేనే ఎన్ని గీకానో!

వాయించేటప్పుడు నొక్కే మెట్ల మీది తెల్ల రేకు ఏమిటో తెలుసుకోవడానికి సూది కాల్చి గుచ్చమని ఎవరైనా చెబితే వినకు. అది సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ అయితే భగ్గుమంటుంది. వేలితో గట్టిగా రుద్ది వాసన చూడు, కర్పూరం వాసన వస్తుంది. అంతకంటే అవసరం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు.

1978లో నాకు ఇరవై మూడేళ్లు. పక్క ఊరి నుంచి ఒకాయన వాళ్ల నాన్న హార్మోనియం తెచ్చాడు. నాన్న పద్యనాటకాలకు వాయించేవాడట. గాలి నిలవడం లేదు, బాగుచేసిపెట్టమన్నాడు. లేబుల్ సగం చిరిగింది గానీ అదే పేరు, అదే కోకనాడ. నీ పెట్టె చేసిన మేస్త్రే.

రీడ్లు బిగించే చెక్క, రీడ్ బోర్డు, తీసి తిరగేశాను. కింద అంతా మసి, ఆముదం జిడ్డు. ఆ జిడ్డులో పెన్సిల్ గీతలేవో ఉన్నాయి, ఒక వరస. రిపేరు చేసేవాళ్లు చెక్క మీదే కూలి లెక్కలు రాసుకోవడం నేను చూసినదే, ఇదీ అదే అనుకున్నాను. బల్ల మీద ఉప్పుకాగితం ఉంది. తీసుకుని రుద్దేశాను. చెక్క లోపల తేనె రంగులో బయటపడింది. ఎంత బాగుందో! ఆ మెరుపు చూసుకుని మురిసిపోయాను కూడా.

మర్నాడు ఆయన వచ్చి డబ్బులిచ్చి, వెళ్లబోతూ ఆగాడు. "మేస్త్రి తన చేత్తో లోపల పేరూ సంవత్సరమూ రాశాడని మా నాన్న చెప్పేవాడు బాబూ. ఏ సంవత్సరం ఉంది?" అన్నాడు.

ఏమీ లేదండీ అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆయన ముఖం చిన్నబోయింది. అది చూడలేక, నా తప్పు కప్పుకోవాలని కూడా, "రీడ్లను బట్టి చూస్తే 1912 అండీ" అన్నాను. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. ఆయన సంబరపడి వెళ్లాడు. రెండేళ్ల తర్వాత వాళ్ల ఊరి నాటకోత్సవాల సంచికలో "1912 నాటి హార్మోనియం" అని ఫోటో వేశారు. ఇంకో పదేళ్లకి నాటకాల మీద రాస్తున్న కుర్రాడొకడు నా దగ్గరికొచ్చి, ఆ సంచికే చూపించి, "ఈ మేస్త్రి 1912కే పని చేస్తున్నాడండీ, ఇదిగో ఆధారం" అన్నాడు. టీ తాగి వెళ్లమన్నాను, అంతే.

అందుకే చెబుతున్నాను, తుడవకు. పొడి బ్రష్షు కూడా వద్దు. మర ఒకటి తీస్తే ఫోటో ఒకటి తియ్యి. ఏ మర ఏ కన్నంలోదో కాగితం మీద రాసి దానికే గుచ్చు. రీడ్లను ఉత్త వేళ్లతో ముట్టకు, చెమటకి ఇత్తడి నల్లబడుతుంది. రీడ్ బోర్డు తిరగేసే రోజు మాత్రం నేను పక్కన ఉండాలి. ఇది సలహా కాదు, ఆర్డరే. ఆ మేస్త్రి ఒక పెట్టెలో రాస్తే ఇంకో పెట్టెలోనూ రాసి ఉంటాడు.

ఈలోగా చేతులు ఊరుకోకపోతే వేటపాలెం వెళ్లు. సారస్వత నికేతనం 1918లో పెట్టిన గ్రంథాలయం, పాత పత్రికలకి పెట్టింది పేరు. కృష్ణాపత్రిక 1902లో మొదలైంది, ఆంధ్రపత్రిక 1914 నుంచి దినపత్రిక. వార్తల్లో పడకు, సాయంత్రమైపోతుంది. ప్రకటనలే చూడు. పేరు కనిపిస్తే ఆ వారం ఆయన దుకాణం తెరిచి ఉందని తెలుస్తుంది, అదీ లాభమే. రేడియో వైపు వెతకడం దండగ. 1940 నుంచి 1971 దాకా ఆలిండియా రేడియో హార్మోనియాన్ని గుమ్మం ఎక్కనివ్వలేదు. వేళకి భోంచెయ్యి. కారప్పూస పంపిస్తున్నాను, అది తిన్న చేత్తో పాత కాగితాలు ముట్టకు.

పొద్దున్న ధైర్యం చేసి ఆ పక్క ఊరికి ఫోన్ చేశాను. ఆయన పోయి చాలా కాలమైంది. కొడుకు మాట్లాడాడు. పెట్టె అటక మీదే ఉందట, తాతగారి 1912 పెట్టె అని గర్వంగా చెప్పాడు. నాకు గొంతు పెగల్లేదు. ఒక మూలకి ఉప్పుకాగితం అందలేదని గుర్తు, అక్కడ గీత ముక్క ఏదైనా మిగిలిందేమో. టార్చి పక్క నుంచి వేస్తే పెన్సిల్ నొక్కు కనిపిస్తుంది. నా కళ్లకి ఇప్పుడు అది ఆనదు. వచ్చే ఆదివారం నువ్వు వస్తే ఇద్దరం వెళదాం. 1912 సంగతి వాళ్లకి నేనే చెబుతాను, నువ్వు టార్చి పట్టుకో చాలు.

మీ అమ్మ అడిగితే మామయ్య బాగా తిట్టాడని చెప్పు.

నీ మామయ్య