లూప్ లాగినప్పుడు మోడల్ ఎడమకు పోతుంటే మిక్స్ పెట్టాలా?

మీరు అడిగినవి రెండు. రెండు మీటర్ల ఎలక్ట్రిక్ ఎఫ్3ఎ (రేడియో కంట్రోల్ విన్యాసాల పోటీ) విమానం మోడల్‌ని నిలువుగా లేపితే ఎడమకు పోతోంది, ట్రాన్స్‌మిటర్‌లో మిక్స్ (ఒక కంట్రోల్ కదిపితే ఇంకోటి తానే కాస్త కదిలే సెట్టింగు) పెట్టి దిద్దొచ్చా అని ఒకటి. తర్వాత కట్టబోయేదానికి రంగు మంచిదా, ఫిల్మ్ (వేడితో అతికించే ప్లాస్టిక్ పొర) మంచిదా అని ఇంకొకటి.

మిక్స్ జోలికి అప్పుడే వెళ్ళకండి. గాలి లేని పొద్దున ఎగరేసి ఒక్క సంగతి గమనించండి. ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందకీ తిప్పే తోక పలక) లాగుతూ ముక్కు తిరుగుతున్నప్పుడే ఎడమ మొదలవుతోందా, లేక నిలువు గీత ఎక్కాకా? చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ జబ్బులు వేరు.

గీత ఎక్కాక, ఫుల్ పవర్‌లో ముక్కు నెమ్మదిగా ఎడమకు జరుగుతుంటే మోటారు ఇంకాస్త కుడికి చూడాలి. ఎడమ వైపు మౌంటు బోల్టుల కింద అర మిల్లీమీటరు వాషర్లు పెట్టి మళ్ళీ ఎగరేయండి. బోల్టుల మధ్య దూరం 40 మి.మీ. అయితే అది సుమారు 0.7 డిగ్రీలు. ఇది తేలిక పనే.

లాగుతున్నప్పుడే రెక్క ఒరిగితే మాత్రం నాలా మోసపోకండి. నా మోడల్ ప్రతి లూప్‌లోనూ (గాలిలో కొట్టే నిలువు చుట్టు) ఎడమకు ఒరిగేది. ఎడమ రెక్క బరువనుకుని కుడి రెక్క చివర 12 గ్రాముల సీసం పెట్టాను. లూప్ నిటారైంది, నేను మురిసిపోయాను. తీరా తలకిందులుగా తిప్పి స్టిక్కు వదిలితే కుడి రెక్క కిందకి జారడం మొదలైంది. దాన్ని ఎయిలరాన్‌తో (ఒరుగుని దిద్దే రెక్క పలక) దాచుకుంటూ చాలాకాలం ఎగరేశాను. జడ్జీలు 15 డిగ్రీల తేడాకి ఒక మార్కు కోస్తారు కదా, నాది అంత ఉండదులే అని ధీమా. కానీ గీత మీద పదే పదే దిద్దుకోవడం కింద నిలబడ్డవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

చివరికి బల్ల మీద పెట్టి కొలిస్తే, ఎలివేటర్ రెండు ముక్కలూ సమంగా కదలడం లేదు. పూర్తిగా పైకి లాగితే కుడిది 1.5 మి.మీ. తక్కువ. అతికించేటప్పుడు కుడి హార్న్ (సర్వో నుంచి వచ్చే పుష్‌రాడ్ అనే కడ్డీని పలకకి తగిలించే చిన్న కొమ్ము) కాస్త ఎత్తుగా కూర్చుంది, అంతే. పుష్‌రాడ్ తగిలే చోటు హింజ్‌కి (పలక మడత బందు) దూరమైతే ఆ ముక్క కదలిక తగ్గుతుంది. హార్న్ మార్చి సీసం పీకేశాక రెండు జబ్బులూ పోయాయి.

కాబట్టి పావు, సగం, పూర్తి స్టిక్కు దగ్గర, పైకీ కిందకీ, రెండు ముక్కల్నీ కొలవండి. అవి సమంగా ఉండీ ఒరుగుతుంటే, తలకిందులుగా వదిలి చూడండి. అప్పుడూ ఎడమ రెక్కే జారితే అది నిజంగా బరువే, కుడి చివర సీసం పెట్టండి.

మిక్స్‌కి నేను శత్రువుని కాను. నైఫ్ ఎడ్జ్‌లో (ఒక రెక్క నేల వైపు, ఒకటి ఆకాశం వైపు పెట్టి ఎగరడం) రడ్డర్ (తోక నిలువు పలక) తొక్కగానే నాది పొట్ట వైపు లాగేది. సీజీ (మోడల్ బరువు తూగే చోటు) సరిచూసుకున్నాక కూడా కొంచెం మిగిలింది. దానికి రడ్డర్ నుంచి ఎలివేటర్‌కి 3 శాతం మిక్స్ ఇప్పటికీ ఉంది. కానీ లూప్‌లో ఒరుగుని దిద్దడానికి మొదట్లోనే మిక్స్ పెట్టి ఉంటే వంకర హార్న్ అక్కడే ఉండేది, ఇంకో వేగంలో ఇంకోలా బయటపడేది.

ఇక రంగు సంగతి. నాకు మెరిసే రంగంటే పిచ్చి. ఒకసారి తోక మీద మూడు కోట్లు కొట్టి 40 గ్రాములు పెంచాను. తోక సీజీకి మీటరు దూరం, ముక్కు 45 సెంటీమీటర్లే. బ్యాటరీ అప్పటికే ముందు గోడకి ఆనుకుని ఉంది, జరపడానికి చోటు లేదు. ముక్కులో దాదాపు 90 గ్రాముల సీసం పడింది, బ్యాటరీతో కలిపి పోటీ పెట్టిన 5 కిలోల హద్దు దాటిపోయింది! అప్పటి నుంచి ఫ్యూజ్‌లాజ్ (విమానం మొండెం) ముందు భాగానికే రంగు. రెక్కలకీ తోకకీ బాల్సా నున్నగా రుద్ది పలుచని ఫిల్మే. ముదురు రంగు ఫిల్మ్ ఎండలో ఉబ్బుతుంది, తోకకి లేత రంగు ఎంచుకోండి.