శాలువాలు తగ్గించండి, లంచ్ బల్లలు కలపండి

మహబూబ్‌నగర్ నుంచి ఒకరు అడిగారు: తాగునీళ్ళలో ఎక్కువై పళ్ళనీ ఎముకలనీ పాడుచేసే ఫ్లోరైడ్ మీద రెండు రోజుల జాతీయ సదస్సు పెడుతున్నాం. జియాలజీ, కెమిస్ట్రీ, మెడికల్, డెంటల్, వ్యవసాయం, సోషియాలజీ వాళ్ళు కలిపి 120 మంది దాకా వస్తారు. ఎవరి గుంపు వాళ్ళదే కాకుండా ఏం చేయాలి?

ముందు ఇన్విటేషన్‌లో ‘నెట్‌వర్కింగ్ సెషన్’ అన్న లైను కొట్టేయండి. ఆ అరగంటా అందరూ టీ కప్పు పట్టుకుని తమ గైడ్ చుట్టూనే నిలబడతారు. కొత్త మనిషితో మాట కలపాలంటే చేతికి ఒక పని ఉండాలి, టైము ఉండాలి. మన దగ్గర ముందు కరిగేది టైమే. కార్డులో పది అని ఉంటుంది, ముఖ్య అతిథి పదకొండుకి దిగుతారు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, వేదిక మీద పన్నెండు మంది, మనిషికో బొకే, శాలువా, మెమెంటో, ప్రతిదానికీ ఫొటో. మనిషికి మూడు నిమిషాలేసుకున్నా 36 నిమిషాలు, ప్రసంగాల లెక్క వేరే. దాంతో పొద్దున సెషన్ లంచ్ తర్వాతకి జరుగుతుంది, పోస్టర్లు, అంటే స్కాలర్లు తమ పరిశోధనని చార్టు మీద వేసి పక్కన నిలబడి చెప్పేవి, ‘టీ తాగుతూ చూసేయండి’ దగ్గర ఆగిపోతాయి. వేరే సబ్జెక్టువాళ్ళు మొహమాటం లేకుండా ప్రశ్న అడిగేది పోస్టర్ దగ్గరే, కోత పడేదీ దానికే. వేదిక మీద నలుగురు చాలు, అరగంటలో ముగించండి. సన్మానాలు తప్పవంటే రెండో రోజు సాయంత్రానికి పెట్టండి, సర్టిఫికెట్ కోసం ఎలాగూ అందరూ ఆగుతారు. పీహెచ్‌డీ సమర్పించే ముందు రెండు సదస్సుల్లో పేపర్ చదవాలన్న 2016 నాటి యూజీసీ నిబంధన 2022లో పోయింది, సర్టిఫికెట్ మోజు మాత్రం పోలేదు.

తర్వాత లంచ్. జర్మనీలో డాగ్‌స్టూల్ అని కంప్యూటర్ సైన్స్ కేంద్రం ఉంది. అక్కడ భోజనాల బల్లల మీద పేర్లున్న నాప్‌కిన్ కవర్లు కలగాపులగంగా పెడతారు, పేరు ఎక్కడుంటే అక్కడ కూర్చోవాల్సిందే. మన బఫేలో ప్లేటు ఒక చేత్తో పట్టుకుని తినేవాళ్ళకి ముచ్చట పెట్టే తీరిక ఎక్కడిది? టెంట్ హౌస్ నుంచి 20 గుండ్రటి బల్లలు తెప్పించి, బల్లకి ఆరు కుర్చీలు వేయండి. ఎనిమిది వేస్తే అటు నలుగురు, ఇటు నలుగురుగా చీలిపోతారు. రిజిస్ట్రేషన్ దగ్గరే పేరు రాసిన కూపన్ మీద బల్ల నంబరు వేసివ్వండి. పేరు లేకపోతే కూపన్లు మార్చుకుని మళ్ళీ పాత గుంపే తయారవుతుంది. కెమిస్ట్రీ వాళ్ళు నలభై మంది వచ్చినా బల్లకి ఇద్దరే. అన్నిటికంటే చెడ్డది ‘సార్లకి లోపల గదిలో’ అనే వేరే లంచ్. పెద్దవాళ్ళు గదిలో, స్కాలర్లు టెంటులో తింటే ఇక కలిసేది ఎవరితో?

బ్యాడ్జీ మీద పేరు రెండు గజాల నుంచి కనపడాలి, రెండు వైపులా ప్రింట్ చేయాలి, ట్యాగ్ తిరగబడకుండా ఉండదు. కింద రెండు లైన్లు: ‘నా దగ్గరున్నది: మర్రిగూడ మండలం బోర్ల ఫ్లోరైడ్ రీడింగులు. నాకు కావలసింది: అవే ఊళ్ళలో పిల్లల పళ్ళ పరీక్షలు.’ ఇవి రిజిస్ట్రేషన్ ఫారంలోనే అడగండి. వచ్చాక అడిగితే ‘ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ’ అని రాసిస్తారు.

ఈ తంతు ఎందుకంటారా? 1970ల్లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) శాస్త్రవేత్తలు నల్గొండ ఫ్లోరైడ్ ఊళ్ళలో పిల్లలకీ యువకులకీ మోకాళ్ళు లోపలికి వంగిపోవడం చూశారు. నీళ్ళలో ఫ్లోరైడ్ ఒక్కటే దానికి జవాబు కాలేదు. జొన్నల్లో మాలిబ్డినం అనే లోహం, దానివల్ల ఒంట్లో రాగి తగ్గడం, నాగార్జునసాగర్ నీళ్ళకి నేలలో వచ్చిన మార్పు, ఇన్నిటి మీదికీ అనుమానం పోయింది. ఎముకలు డాక్టరుకి, జొన్న వ్యవసాయానికి, ఊటనీళ్ళు జియాలజీకి. ఒక్క డిపార్ట్‌మెంట్ తెంచగలిగిన ముడి కాదు.

అందుకే మధ్యాహ్నం అవే బల్లల మీద 40 నిమిషాల పని పెట్టండి. బల్లకో మండలం మ్యాపు, ఒక ఖాళీ పట్టిక: ఊరు, నెల, సంవత్సరం, ఏ నీళ్ళు, రీడింగు. నడిపేది ప్రొఫెసర్ కాదు, స్కాలర్. ముందు అందరికన్నా చిన్నవాళ్ళు మాట్లాడాలి, తెలుగులో అయినా సరే, మనిషికి తొంభై సెకన్లు. పట్టిక నింపడం మొదలవగానే లొల్లి మొదలవుతుంది, కావలసింది కూడా అదే. జిల్లాలు చీలిన 2016కి ముందు రిపోర్టులో ‘నల్గొండ జిల్లా’ అంటే సూర్యాపేట, భువనగిరి కలిపి. ‘మహబూబ్‌నగర్’ అంటే వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, నారాయణపేట అన్నీ కలిపి. వానలకి ముందు మే రీడింగునీ, వానల తర్వాత నవంబర్ రీడింగునీ ఒక వరసలో పెట్టడం కుదరదు. జియాలజీ ఆయన బోరు లెక్క చెప్తుంటే డెంటల్ మేడం ‘మా పిల్లలు తాగేది మిషన్ భగీరథ కుళాయి నీళ్ళు కదా, ఆ బోరు ఎవరు తాగుతున్నారు?’ అని అడుగుతుంది. ‘అదే బోరు నీళ్ళతో వరి, కూరగాయలు పండిస్తున్నారు’ అని వ్యవసాయం వాళ్ళు అందుకుంటారు. ఆ బల్లకి ప్రాజెక్టు దొరికినట్టే.

గ్రాంటు మార్చి 31లోపు ఖర్చు చేయాలని సదస్సులు ఆ నెలలోనే పెడతారు కాబట్టి, ఒక లాభం ఉంది: వేసవికి ముందే పనులు పంచుకోవచ్చు. పట్టికలో తేలిన ఊళ్ళకి ఇద్దరు వేరే విభాగాలవాళ్ళ పేర్లు, ఒక తేదీ రాయించుకోండి. జియాలజీ, కెమిస్ట్రీ వాళ్ళు మేలో నీళ్ళు పట్టాలి, అవి ప్లాస్టిక్ సీసాల్లోనే, గాజు వద్దు. డెంటల్ వాళ్ళు అప్పటికే, మనుషుల మీద పరిశోధనకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి అర్జీ పెట్టాలి, అనుమతికి వారాలు పడుతుంది, ఈలోగా ఏప్రిల్ చివర్లో స్కూళ్ళు మూసేస్తారు. జూన్‌లో తెరిచాక అవే ఊళ్ళ బడులకి వెళ్ళాలంటే హెడ్‌మాస్టర్లకి ఉత్తరాలు వేసవి సెలవులకి ముందే అందాలి.