కాల్కులేటర్ పాడవలేదు, 70! దానికి పట్టదంతే

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ప్రస్తారాలు, సంయోగాల లెక్కల్లో 100!/98! అని సైంటిఫిక్ కాల్కులేటర్‌లో కొడితే ‘మ్యాథ్ ఎర్రర్’ వస్తోంది. కొని రెండు నెలలే అయింది. ఎక్సెల్‌లో 200!/198! వేసినా ఎర్రరే. ఏది పాడైనట్టు?
– ఒక తల్లి, నల్గొండ

జవాబు: రెండూ బాగానే ఉన్నాయండి, టెన్షన్ పడకండి. ఒకసారి 69! (69 ఫ్యాక్టోరియల్, అంటే 69 నుంచి 1 దాకా అన్ని సంఖ్యల గుణకారం) కొట్టి చూడండి, జవాబు వస్తుంది. 70! కొడితే ఎర్రర్. 69!లో 99 అంకెలుంటాయి, 70!లో 101. చాలా సైంటిఫిక్ కాల్కులేటర్లు 100 అంకెలు దాటిన సంఖ్యను పట్టుకోలేవు. ఎక్సెల్ 170! దాకా లాగుతుంది, 171! దగ్గర చేతులెత్తేస్తుంది. మీ లెక్కలో అసలు జవాబు 9,900 మాత్రమే. కానీ మెషీన్ ముందు లవం మొత్తం గుణించేయాలని చూస్తుంది. 100! అంటే 158 అంకెలు! భాగహారం దాకా వెళ్లకుండానే ఆగిపోతుంది.

అమ్మాయిని పెద్ద ఫ్యాక్టోరియల్‌ను చిన్నది కనిపించే దాకా మాత్రమే విప్పమనండి. 100! = 100 × 99 × 98!. కింద కూడా 98! ఉంది కాబట్టి రెండూ కొట్టేస్తే మిగిలేది 100 × 99. అక్షరాలున్నా పద్ధతి ఇదే: (ఎన్+1)!/(ఎన్–1)! అంటే (ఎన్+1) × ఎన్. పిల్లలు ఎక్కువగా జారేది ఇంకోచోట. 8!/4! చూడగానే ఎనిమిదిని నాలుగుతో భాగించి 2! అని రాసేస్తారు. ఆ ఆశ్చర్యార్థకం సంఖ్యకు తగిలించిన గుర్తు కాదు, ఒక గుణకారాల వరస. 8 × 7 × 6 × 5, అంటే 1,680 రావాలి. ఈ ఒక్కటీ దగ్గర కూర్చుని చూపించండి, చాలా మార్కులు నిలబడతాయి.

కాల్కులేటర్‌లోనే చేయాలంటే ప్రస్తారాల కోసం ఉండే ఎన్‌పీఆర్ (nPr) బటన్ వాడండి: 100 ఎన్‌పీఆర్ 2 కొడితే 9,900 వచ్చేస్తుంది. ఎక్సెల్‌లో ఫ్యాక్ట్ (FACT) బదులు పెర్మ్యూట్ (PERMUT) ఫార్ములాలో 200, 2 ఇస్తే 39,800. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోనైతే పూర్ణ సంఖ్యలకు ఇలాంటి హద్దు లేదు, 200! కూడా చివరి అంకె దాకా చూపిస్తుంది. కానీ ఇంటర్ పరీక్షలో, జేఈఈ మెయిన్‌లో కాల్కులేటర్ ఉండదు కదా. అందుకే కొట్టివేతే చేతికి అలవాటు కావాలని నా కోరిక.

ఈ సాయంత్రం 52!/(5! × 47!) ఇచ్చి చూడండి. పేకముక్కల్లో అయిదు ఎంచుకునే లెక్క అది. 52 నుంచి 48 దాకా విప్పి, కింది 5!, అంటే 120ని కొట్టేస్తే 25,98,960 రావాలి.