రాళ్ల నేలలో దున్నితే ట్రాక్టరుకు వారంటీ ఉండదా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం ప్రాంతం. ఆరెకరాల ఎర్ర గరప నేల, అందులో రెండెకరాలు చీనీ తోట. చెట్ల వరుసల మధ్య తిరగడానికి వీలుగా ఉంటుందని పద్నాలుగు నెలల క్రితం 24 హెచ్‌పీ మినీ ట్రాక్టరును రూ. 6.20 లక్షలకు కొన్నాను. సగానికి పైగా అప్పే. కొనేముందు డీలరు మనిషి మా చేలోనే దున్ని చూపించాడు. ఇప్పటికి రెండుసార్లు క్లచ్ ప్లేటు కాలిపోయింది. ఎడమవైపు వెనుక ఇరుసు దగ్గర ఆయిల్ కారుతోంది. వాలులో దిగేటప్పుడు గేరు దానంతట అదే న్యూట్రల్‌లోకి వస్తోంది. ఖరీఫ్ విత్తనం వేళ బండి మూడు వారాలు వర్క్‌షాపులోనే ఉండిపోయింది. ‘రాళ్లలో నడిపితే అంతే, వారంటీ వర్తించదు’ అంటున్నారు. అప్పుడప్పుడు పక్కవాళ్ల చేలు బాడుగకు దున్నుతాను. నా డబ్బు వాపసు వస్తుందా? కిస్తీలు కట్టడం ఆపేయవచ్చా?

జవాబు: ముందు మీ ప్రాణం గురించి. వాలులో గేరు జారితే ఇంజన్ పట్టు పోయి బండి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. వెనుక ట్రాలీ ఉంటే అది ముందుకు తోస్తుంది. ఈ లోపం సరిచేసేవరకు ఆ ట్రాక్టరును వాలులోకి తీసుకెళ్లకండి, ఇంకొకరి చేతికీ ఇవ్వకండి.

ఇక డీలరు మాట. రాళ్ల నేలలో దున్నితే వారంటీ పోతుందని నోటితో చెబితే చెల్లదు. వారంటీ కాగితంలోగానీ, బండితోపాటు ఇచ్చిన మాన్యువల్‌లోగానీ అలా ఎక్కడ రాసి ఉందో చూపించమని రాతపూర్వకంగా అడగండి. క్లచ్ ప్లేటు వంటి అరిగిపోయే భాగాలకు వారంటీ వర్తించదని చాలా కంపెనీలు రాస్తాయి. కానీ గేరుబాక్సు, ఇరుసు వాటి కోవలోకి రావు. క్లచ్ విషయంలోనూ ఒక మెలిక ఉంది. పాదం ఎప్పుడూ పెడల్ మీదే ఉంచి నడిపితే ప్లేటు వేడెక్కి నున్నగా మెరుస్తూ అరిగిపోతుంది. అలాకాక ప్లేటు ఆయిల్‌తో తడిసి ఉంటే, ఆయిల్ బయటికి రాకుండా ఆపే ఇంజన్ వెనుక సీలుగానీ, గేరుబాక్సు సీలుగానీ కారినట్లు. అప్పుడు తప్పు నడిపినవాడి పాదానిది అనడానికి వీల్లేదు. అందుకే తీసేసిన పాత ప్లేటు ఎంతో విలువైన సాక్ష్యం. వర్క్‌షాపువాళ్లు దాన్ని తమ దగ్గరే ఉంచుకుంటే, కనీసం దాని మీది నంబరు కనిపించేలా ఫొటోలు తీసుకోవాల్సింది. మళ్లీ విప్పితే ఈసారి దగ్గరుండి చూడండి.

మీ చేతిలో ఉన్న అసలు బలం, డీలరు మనిషి మీ పొలానికి వచ్చి దున్ని చూపించడం. 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16 ప్రకారం, కొనేవాడు తన అవసరం ఫలానా అని చెప్పి, అమ్మేవాడి నైపుణ్యాన్ని నమ్మి కొంటే, ఆ వస్తువు ఆ అవసరానికి పనికి రావాలి. మీ నేల ఎలాంటిదో ఆ మనిషి కళ్లారా చూశాడు. ఆ రోజు ఎవరైనా ఫోనులో వీడియో తీసి ఉంటే వెతికించండి, ఆ ఫోను భద్రపరచండి. బ్రాండు పేరు అడిగి కొన్న వస్తువుకు ఈ నియమం వర్తించదన్న మినహాయింపు అదే సెక్షన్‌లో ఉంది. కంపెనీ వకీలు తప్పకుండా దాన్నే పట్టుకుంటారు. అయితే ఆ మినహాయింపు రెండో నియమాన్ని తాకదు: అమ్మిన సరుకు అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలి. గేరు జారే ట్రాక్టరు గరప నేలలోనే కాదు, నల్లరేగడిలోనూ తారురోడ్డు మీదా పనికిరానిదే.

అవతలివారి చేతికి చిక్కే అవకాశం ఎక్కడుందో కూడా చెప్పాలి. మీరు ఏ పనిముట్టు తగిలించి దున్నారో రాయలేదు. పెద్ద ట్రాక్టర్లకు వాడే తొమ్మిది పళ్ల గొర్రునో, మాన్యువల్ చెప్పినదానికన్నా వెడల్పైన రోటవేటరునో ఈ చిన్న బండికి తగిలించి ఉంటే, అధిక భారం వల్లే చెడిందని కంపెనీ వాదిస్తుంది. ఆ వాదన నిలబడే అవకాశం ఉంది. ఇంజన్ ఎన్ని గంటలు నడిచాక ఉచిత సర్వీసులు చేయించారో కూడా అడుగుతారు. సర్వీసు పుస్తకం తీసి చూసుకోండి.

నన్ను బాధపెట్టేది జాబ్ కార్డుల సంగతి, అంటే బండిని రిపేరుకు ఇచ్చినప్పుడు వర్క్‌షాపువాళ్లు రాసే కాగితం. రైతు మూడు లోపాలు చెబితే వర్క్‌షాపులో ‘జనరల్ చెకప్, క్లచ్ అడ్జస్ట్’ అని రాసి సంతకం పెట్టించుకుంటారు. ఏడాది తర్వాత వినియోగదారుల కమిషన్ ముందు ఆ కాగితమే మాట్లాడుతుంది, మీరు కాదు. అందుకే సంతకానికి పైన మీ చేతిరాతతో, తెలుగులోనే రాయండి: ‘వాలులో మూడో గేరు దానంతట అదే న్యూట్రల్‌లోకి వస్తోంది. ఎడమ వెనుక ఇరుసు దగ్గర ఆయిల్ కారుతోంది. ఇదే లోపంతో ఇది మూడోసారి.’ కింద తేదీ, గంటల మీటరు అంకె వేసి నకలు తీసుకోండి. చాలా ట్రాక్టర్ల వారంటీ ఇన్నేళ్లు లేదా ఇన్ని గంటలు, ఏది ముందైతే అది అన్న లెక్కన సాగుతుంది కాబట్టి ఆ అంకె లేని జాబ్ కార్డు సగం బలం కోల్పోతుంది.

ఇప్పుడు కేసు గురించి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద మీరు వినియోగదారుడే. విత్తనాలు కొన్న రైతులు వినియోగదారుల కిందకు రారన్న వాదనను నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లోనే సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆ కేసులో గెలిచింది ఆంధ్రప్రదేశ్ రైతులే. బాడుగ దున్నకం చూపించి మీది వ్యాపారం అంటారేమో. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి వాడే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందకు రాదని సెక్షన్ 2(7) వివరణలోనే ఉంది. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ రక్షణ పోదని 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

డీలరునూ, తయారీ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒక్కరినే చేరిస్తే తప్పు రెండోవారిదంటారు. ముందుగా ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, అందినట్లు ఆధారం దాచుకోండి. వివాదాలన్నీ కంపెనీ ఉన్న నగరంలోనే తేల్చుకోవాలని బిల్లు వెనుక అచ్చువేసి ఉన్నా బెదరకండి. మీరు నివసించే జిల్లా కమిషన్‌లో, అంటే అనంతపురంలో ఫిర్యాదు చేసే హక్కు సెక్షన్ 34 మీకిచ్చింది. మీరు చెల్లించిన ధర రూ. 5 లక్షలు దాటి 10 లక్షల లోపు కాబట్టి ఫీజు రూ. 200. గడువు రెండేళ్లు, మీరు ఇంకా లోపలే ఉన్నారు. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. వకీలును పెట్టుకోలేకపోతే న్యాయ సేవల సంస్థ నంబరు 15100కు ఫోన్ చేసి ఉచిత న్యాయ సహాయానికి అర్హులో కాదో కనుక్కోండి.

ఫిర్యాదుతోపాటే నిపుణుడి పరీక్ష కోరుతూ దరఖాస్తు వేయండి. తయారీ లోపం ఉందని మీరు, లేదని వారు అంటున్నప్పుడు నిపుణుడి నివేదికే తేల్చాలి. సెక్షన్ 38(2) కమిషన్‌కు ఆ అధికారమిచ్చింది. మీ జిల్లా గార్లదిన్నెలోనే కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అక్కడి ఇంజనీరునుగానీ, బాపట్ల వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల నిపుణుడినిగానీ నియమించమని కోరవచ్చు. ఖర్చు ముందుగా మీరే జమచేయాల్సి రావచ్చు. అంతవరకు ఊరి మెకానిక్‌తో గేరుబాక్సు విప్పించకండి. విప్పిస్తే చెడగొట్టింది మీరే అన్న మాట పడుతుంది.

డబ్బు మొత్తం వాపసు వస్తుందని నేను ఆశపెట్టను. లోపమున్న భాగం మారిస్తే బాగయ్యే బండికి మొత్తం మార్పు అక్కర్లేదని 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకే లోపం బాగుచేసిన ప్రతిసారీ తిరిగి వచ్చిందని రుజువైతేనే మార్పిడికో, వాపసుకో బలమైన అవకాశం ఉంటుంది. కాబట్టి ఫిర్యాదులో మీకేం కావాలో కోరే భాగంలో కొత్త ట్రాక్టరు లేదా పూర్తి ధర వాపసు, అది కుదరకపోతే గేరుబాక్సు, ఇరుసు ఉచితంగా మార్చి వారంటీ పొడిగింపు, వీటితోపాటు నష్టపరిహారం అని వరుసగా అడగండి. ఆ మూడు వారాల్లో అద్దె ట్రాక్టరుతో విత్తనం వేసి ఉంటే దాని రసీదు తప్పకుండా జతచేయండి. నిపుణుడి పరీక్ష అవసరమైతే విచారణను ఐదు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుంది.

కిస్తీలు మాత్రం ఆపకండి. అప్పు ఒప్పందం వేరు, అమ్మకం వేరు. వాయిదాలు తప్పితే అప్పిచ్చినవారు బండిని తీసుకెళతారు, నిపుణుడు పరీక్షించాల్సిన వస్తువే మీ దగ్గర ఉండదు. భారం మోయలేని స్థితి వస్తే అప్పిచ్చిన సంస్థను కూడా పార్టీగా చేర్చి, కేసు తేలేలోపు ఊరట కోసం సెక్షన్ 38(8) కింద మధ్యంతర ఉత్తర్వు అడగండి. ఈలోగా కట్టిన ప్రతి కిస్తీ రసీదునూ దాచండి. పని చేయని బండికి కట్టిన వడ్డీని నష్టపరిహారంలో అడగడానికి అవే ఆధారం.