మీరడిగారు: ఈసారి అంతా స్కూల్ మ్యూజికల్ సంగతులే

పోయిన నెల ఎవరికో జవాబిస్తూ మా అమ్మాయి హైస్కూల్లో నాలుగేళ్లూ మ్యూజికల్స్, అంటే పాటల నాటకాలు, చేసిందని ఒక్క ముక్క అన్నాను, అంతే, ఈ నెల ఉత్తరాల్లో సగం దాని మీదే. జనవరిలో ఆడిషన్లు, మార్చి ఏప్రిల్లో షోలు, అమెరికాలో మనవాళ్ల పిల్లలున్న చాలా ఇళ్లల్లో ఇప్పుడు ఇదే హడావిడి కదా. ఆ నాలుగేళ్లూ నేను కాస్ట్యూమ్ రూమ్‌లో కుట్టుమిషన్ దగ్గర వాలంటీర్‌గా ఉన్నాను, అందుకని తెరవెనక ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూసినదాన్ని, చూసిందే చెప్తాను.

*అక్కయ్యా, మేం న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటాం. మా అమ్మాయి టెన్త్ గ్రేడ్. స్కూల్ మ్యూజికల్‌లో ఎన్‌సెంబుల్‌కి సెలెక్ట్ అయింది. అప్పట్నుంచి ఆరు దాటితే గానీ ఇంటికి రావట్లేదు. మార్చిలో టెక్ వీక్ అట, రాత్రి పది అవుతుందట. కాలేజీ స్థాయి ఏపీ క్లాసులు రెండున్నాయి. పోనీ లీడ్ రోలా అంటే అదీ కాదు, వెనకాల గుంపులో పాడటానికి ఇంత టైమా అని వాళ్ల నాన్న రోజూ గొడవ. మాన్పించెయ్యమంటారా? – ఒక అమ్మ*

వద్దమ్మా, మాన్పించొద్దు. సీజన్ మధ్యలో అసలే వద్దు.

మీవారు గుంపు అంటున్నారు చూడండి, ఆ గుంపు పని ఏంటో ముందు చెప్తాను. లీడ్ చేసే పిల్ల తన సీన్లు లేనప్పుడు కాసేపు కూర్చుంటుంది, ఎన్‌సెంబుల్ పిల్లకి ఆ కూర్చోడం ఉండదు, ఒక సీన్లో సంతలో జనం, తర్వాత సీన్లో పెళ్లివాళ్లు, ఆ తర్వాత ఓడ మీద నావికులు, మా అమ్మాయికి ఒక షోలో ఆరు డ్రెస్సులు మార్చాల్సొచ్చింది, అందులో ఒకటి వింగ్‌లో, అంటే స్టేజ్ పక్క తెరచాటున, చీకట్లో నలభై సెకన్లలో. దానికి తోడు అసలు వరసకి జతగా పాడే తన హార్మనీ లైన్ వేరే, స్టెప్పులు వేరే, కుర్చీ ఏ గుర్తు మీద పెట్టాలో అదీ గుర్తుండాలి. ఫిబ్రవరిలో ఒక్క పిల్ల తప్పుకుంటే ఆ పిల్ల పార్ట్‌నర్‌కి జోడీ ఉండదు, వరస మారుతుంది, ముప్పై నలభై మంది నేర్చుకున్నది మళ్లీ సర్దుకోవాలి. మీ అమ్మాయి అక్కడ మాటిచ్చింది, ఆ మాట నిలబెట్టుకోనివ్వండి.

ఇక టైమ్ సంగతి. రిహార్సల్ క్యాలెండర్ మొదట్లోనే ఇస్తారు, చాలా స్కూళ్లలో అమ్మానాన్న సంతకం కూడా తీసుకుంటారు. అది ఫ్రిజ్ మీద అంటించండి. రోజూ అందర్నీ పిలవరు, ఆ రోజు ఏ సీన్లో ఏ పాటో దాన్ని బట్టి పిలుస్తారు, మీ అమ్మాయి పేరు లేని రోజులు కూడా ఉంటాయి, ఆ రోజుల్లో తను రిహార్సల్‌కని కాక ఫ్రెండ్స్ కోసం ఆగిపోతోందేమో మెల్లిగా అడిగి చూడండి. టెక్ వీక్ మాత్రం నిజంగానే కష్టం, లైట్లు, మైకులు, సెట్టు మార్పులు అన్నీ ఒకదానికొకటి కుదిరేదాకా ఆపి ఆపి చేస్తారు, ఒక్క పాటకి గంట పట్టినా ఆశ్చర్యం లేదు. కానీ అది ఒక్క వారమే. మేం ఏం చేసేవాళ్లమంటే, దానికి ముందు వారమే తనంతట తను టీచర్ల దగ్గరకెళ్లి ఆ వారం హోంవర్క్, టెస్టులు ఏమున్నాయో అడిగి తెచ్చుకునేది. నేను వెళ్లలేదు, మెయిల్ కూడా పెట్టలేదు, తనే అడగాలి అన్నాను. మిగతా రోజుల్లో తన సీన్ వచ్చేదాకా ఆడిటోరియం బయట కారిడార్‌లో నేల మీద కూర్చుని కెమిస్ట్రీ చేసుకునేది, పక్కన పదిమంది పిల్లలు అదే పని.

తిండి ఒకటి మర్చిపోకండి. లంచ్ పదకొండున్నరకి తిన్న పిల్లకి నాలుగయ్యేసరికి కళ్లు తిరుగుతాయి, పులిహోరో ఇడ్లీయో ఇంకో డబ్బా పెట్టండి. టెక్ వీక్‌లో తల్లిదండ్రులు వంతులేసుకుని అందరికీ డిన్నర్ తెస్తారు, ఒక రోజు మీరు పేరు రాసెయ్యండి, మీవారిని కూడా తీసుకెళ్లండి, ఆయన ఒక్క అరగంట వెనక వరసలో కూర్చుని చూస్తే ఈ గొడవ సగం తగ్గుతుంది, నా అనుభవం ఇది.

మార్కులు నిజంగా పడిపోతుంటే మాత్రం దాచుకోవద్దు, టీచర్తో, డైరెక్టర్‌తో మాట్లాడండి. టెక్ వీక్ అనే కాకుండా నెలల తరబడి పిల్ల ఐదు గంటలే పడుకుంటోందంటే అప్పుడు ఏదో ఒకటి తీసెయ్యాల్సిందే, కానీ ఆ తీసేసేది మ్యూజికలే ఎందుకవ్వాలి, మనం చేర్పించిన శనివారం క్లాసుల్లో ఒకటి ఎందుకు కాకూడదు అని కూడా ఆలోచించండి. ఇంకో సంగతి, మీ స్కూల్లో థెస్పియన్ ట్రూప్ ఉందేమో కనుక్కోండి. 1929 నుంచి ఉన్న ఇంటర్నేషనల్ థెస్పియన్ సొసైటీ తాలూకు స్కూల్ శాఖ అది, అందులో చేరడానికి లీడ్ రోల్ అక్కర్లేదు, పని చేసిన గంటల్ని లెక్కేస్తారు, గుంపులో పాడినా సెట్టుకి రంగేసినా లెక్కే. మీ న్యూజెర్సీలో పేపర్ మిల్ ప్లేహౌస్ వాళ్లు హైస్కూల్ మ్యూజికల్స్‌కి ఇచ్చే రైజింగ్ స్టార్ అవార్డుల్లో కూడా లీడ్ యాక్టర్లకే కాదు, లైటింగ్‌కీ ఆర్కెస్ట్రాకీ కూడా ఉంటాయి. హాలీవుడ్ నటి యాన్ హాథవే ఒకప్పుడు హైస్కూల్ పిల్లగా నామినేట్ అయింది ఆ అవార్డులకే.

*ఆంటీ, నేను టెక్సస్ ఫ్రిస్కోలో లెవెన్త్ గ్రేడ్. ఎనిమిదేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నా, అందరూ బాగా పాడతానంటారు. కానీ రెండేళ్ల నుంచి ఆడిషన్‌కి వెళ్తే ఎన్‌సెంబులే వస్తోంది. డైరెక్టర్ బెల్ట్ చెయ్యి, స్ట్రెయిట్‌గా పాడు అంటారు. ఎవరికే పాత్రో రాసే కాస్ట్ లిస్ట్ చూసిన రోజు బాత్రూమ్‌లో ఏడ్చాను. నా గొంతు దీనికి పనికిరాదా? – మీ పాఠకురాలి కూతురు*

పనికొస్తుంది బంగారం. ఏడిస్తే ఏడ్చావు, దానికి సిగ్గుపడకు, కాస్ట్ లిస్ట్ పెట్టిన రోజు ఆ స్కూల్లో ఏడ్చింది నువ్వొక్కదానివే కాదు.

నీ దగ్గర ఉన్నవి ముందు చెప్తా. శ్రుతి తప్పవు, తాళం తప్పవు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలుసు, ఇవి చాలామంది పిల్లలకి కొత్తగా నేర్పాలి. నీకు అడ్డొస్తున్నది గమకం. స్వరం మీద నిలబడకుండా పక్క స్వరాన్ని తాకి రావడం మనకి అందం, అక్కడ వాళ్లకి ఏమవుతుందంటే మాట చెదిరిపోతుంది. మ్యూజికల్ పాటంటే పాత్ర మాట్లాడుతూ మాట్లాడుతూ ఇక మాట చాలక పాటలోకి వెళ్లడం, వినేవాళ్లకి ప్రతి ముక్కా అర్థమవ్వాలి. అందుకని ఒక పని చెయ్యి, నీ ఆడిషన్ పాట తీసుకుని ముందు రాగం లేకుండా మామూలు మాటల్లా చెప్పు, ఎవరితో అంటున్నావో ఒకరిని ఎదురుగా ఊహించుకుని చెప్పు, అమ్మతోనా, విడిచి వెళ్లిపోతున్న ఫ్రెండ్‌తోనా. తర్వాత స్వరాల్ని కదపకుండా తిన్నగా పట్టి పాడు. సరళీ వరుసలు పాడినంత సాదాగా. వారంలో తేడా తెలుస్తుంది.

బెల్ట్ అంటే అరవడం కాదు. మామూలుగా మాట్లాడే గొంతు బలాన్ని పై స్వరాల దాకా తీసుకెళ్లడం, నోరు కాస్త వెడల్పుగా, శబ్దం ముందుకి వచ్చేలా. ఇది యూట్యూబ్ చూసి సొంతంగా చెయ్యకు, కొయిర్ టీచర్‌ని గానీ వాయిస్ టీచర్‌ని గానీ అడుగు, గొంతు మండినా బొంగురుపోయినా ఆపెయ్యి. మీ సంగీతం టీచర్‌కి కూడా చెప్పు, దాచి చేస్తే ఇద్దరి దగ్గరా ఇబ్బంది.

ఇంకోటి హార్మనీ. మన పాఠాల్లో అందరం ఒకే వరస పాడతాం కదా, అందుకని నిన్ను ఆల్టోలో, అంటే ఆడపిల్లల కింది గొంతు వరసలో, పెడితే చెవి పై గొంతు సోప్రానో వాళ్ల మెలొడీ వైపు లాగేస్తుంది. మా అమ్మాయికీ ఇదే గొడవ, సోప్రానో లైన్ ఫోన్‌లో రికార్డ్ చేసుకుని, అది వింటూ పైకి ఆల్టో పాడేది, మొదటి వారం రోజూ జారిపోయేది, రెండో వారం ఒక్క వాక్యం నిలబడింది, కారు పార్క్ చేసి మరీ నాకు వినిపించింది. ఆల్టో లైన్ గట్టిగా పట్టుకునే పిల్లని ఏ డైరెక్టరూ వదులుకోరు.

ఆడిషన్ రోజు పాటలో పదహారు బార్లు (తాళం లెక్కలో చిన్న ముక్కలు) పాడమంటే నీకు దొరికేది అరనిమిషం. షీట్ మ్యూజిక్ బైండర్‌లో పెట్టుకో, మొదలూ చివరా పెన్సిల్‌తో గుర్తు పెట్టు, పియానో వాయించేవాళ్లకి వేగం నోటితో రెండు ముక్కలు పాడి చూపించు, చేతులతో చిటికెలేసి కాదు, అది వాళ్లకి మర్యాదగా అనిపించదు. డాన్స్ కాల్‌లో, అంటే డాన్స్ ఆడిషన్‌లో, స్టెప్ తప్పినా మొహంలో పాత్ర పోనివ్వకు, కూచిపూడి ఏమైనా నేర్చుకుని ఉంటే ఆ అభినయం ఇక్కడ బంగారంలా పనికొస్తుంది, మోకాళ్లు మాత్రం అరమండిలోకి వెళ్లిపోకుండా చూసుకో. సీనియర్ ఇయర్ ఇంకా ఉంది నీకు. మీ డాలస్ వైపు హైస్కూల్ మ్యూజికల్స్‌కి అవార్డులు ఉన్నాయి, అలాంటి ప్రాంతాల్లో లీడ్ రోల్‌కి గెలిచిన పిల్లలే 2009లో మొదలైన జిమ్మీ అవార్డ్స్ అనే జాతీయ పోటీకి న్యూయార్క్ వెళ్తారు. మీ స్కూల్ వాళ్లు అందులో ఉన్నారేమో అడిగి తెలుసుకో.

*అక్కా, మా పాపకి నడుం దాకా జుట్టు. షోలో విగ్గు పెడతారట, మైకు చెంపకి టేపుతో అంటిస్తారట. ఇచ్చిన మేకప్ రంగు కూడా దానికి అస్సలు కలవట్లేదు, బూడిద పూసినట్టుంది. – సియాటిల్*

షో వారంలో తలకి నూనె పెట్టకండి, మొహానికి క్రీమ్ కూడా తక్కువే, నూనె తగిలితే టేపు పాట మధ్యలో ఊడొస్తుంది. జడని ఒక్క ముడి వేస్తే విగ్గు వెనక గుట్టలా లేస్తుంది, జుట్టుని పాయలు పాయలుగా చుట్టి తలంతా చదునుగా పిన్నులు పెట్టి పైన విగ్ క్యాప్ వెయ్యాలి, షో రోజు దాకా ఆగకుండా ఇంట్లో రెండుసార్లు చేసి చూడండి. ఫౌండేషన్ పాప రంగుది మీరే కొనివ్వండి, టైట్స్ కూడా, ఒంటిరంగు అని ఒకే పాలిపోయిన రంగు పెట్టెలో పెడతారు చూడండి, అది మన పిల్లలకి ఒంటిరంగు ఎలా అవుతుంది. డైరెక్టర్‌కి చెప్పండి, చాలామందికి ఎవరైనా చెప్పేదాకా తట్టదు, చెప్తే మారుస్తారు.

*ఆంటీ, నేను స్టేజ్ క్రూ. నల్ల చొక్కా వేసుకుని కుర్చీలు మొయ్యడానికి సాయంత్రాలన్నీ పాడుచేస్తున్నావని డాడీ అంటారు. స్టేజ్ మీద కనపడను కాబట్టి షోకి రావడం కూడా ఎందుకంటారు. – నార్త్ కరోలినా, నైన్త్ గ్రేడ్*

నాన్నా, నీ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను.

ఒకసారి ఓపెనింగ్ నైట్ మా అమ్మాయి ఫ్రెండ్ గౌను జిప్పు వింగ్‌లో ఊడిపోయింది, ఇంకో రెండు నిమిషాల్లో ఎంట్రన్స్. అక్కడ చిన్న నీలం లైటు తప్ప ఏం ఉండదు. నేను సూది పట్టుకున్నాను గానీ దారం కనపడట్లేదు. నీ వయసు అబ్బాయే, క్రూ, చేతుల్లో బల్ల ఉంది, నోట్లో టార్చ్ పెట్టుకుని వంగి నిలబడ్డాడు, నేను కుట్టినంతసేపూ తల కదపలేదు, హెడ్‌సెట్‌లో స్టేజ్ మేనేజర్ స్టాండ్‌బై అనగానే కళ్లతో నాకు సైగ చేశాడు, గో అనగానే చీకట్లో బల్ల తీసుకెళ్లి నేల మీద టేపు ముక్క గుర్తు మీద చప్పుడు లేకుండా పెట్టి వచ్చేశాడు. లైట్లు వెలిగేసరికి అక్కడ ఇల్లుంది, గౌనులో పిల్ల ఉంది. ఆ అబ్బాయి పేరు హాల్లో ఎవరికీ తెలియదు, నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

డాడీకి ఈ ముక్క చూపించు. సార్, మీ అబ్బాయి పేరు ప్రోగ్రామ్ పుస్తకంలో ఉంటుంది. షోకి రండి, లైట్లు ఆరిన ఆ పది సెకన్లు స్టేజ్ వైపే చూడండి, మసక చీకట్లో కదిలేది మీవాడే.

*అమ్మా, మాది తెనాలి. చిన్నప్పుడు తెల్లవార్లూ పద్యనాటకాలు చూసినవాణ్ణి. మార్చిలో మా అబ్బాయి దగ్గరికి అమెరికా వస్తున్నా, మనవడు స్కూల్లో పాటల నాటకం వేస్తున్నాడట, వెనక వరసలో పాడతాడట. నాకు ఇంగ్లీషు పాటలు అర్థం కావు, నేను వెళ్లి ఏం చెయ్యను?*

తప్పకుండా వెళ్లండి బాబాయిగారూ. ఆడవేషాలకి పేరుమోసిన స్థానం నరసింహారావుగారు సత్యభామగా ఊరేగిన ఊరి నుంచి వస్తూ పాటల నాటకం నాకేం తెలుసంటే ఎలాగండీ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలుపెట్టి తరతరాలుగా ఇంటిల్లిపాదీ నాటకాలాడిన సురభి వాళ్లు మనకున్నారు కదా, అక్కడ పిల్లలు నాటకంలోనే పెరిగారు, ఇక్కడ పిల్లలు స్కూలయ్యాక ఆ పని చేస్తున్నారు. మీకు అర్థం కానిదేం ఉండదు. కథ ముందే మనవణ్ణి తెలుగులో చెప్పమనండి, వాడికీ తెలుగు కూడబలుక్కునే పని పడుతుంది.

తేడాలు కొన్ని ఉన్నాయి. హార్మోనియం ఉండదు, స్టేజ్ ముందో పక్కనో పిల్లల ఆర్కెస్ట్రా కూర్చుంటుంది. రాగాలాపన లేదు, నచ్చిన పద్యానికి వన్స్ మోర్ అంటే మళ్లీ పాడే అలవాటూ లేదు, అంతా కొలత ప్రకారం సాగిపోతుంది, పాట అయ్యాక మాత్రం ఎంత గట్టిగానైనా చప్పట్లు కొట్టండి. దాదాపు రెండున్నర గంటలు, మధ్యలో పావుగంట విరామం. ఫోన్‌లో వీడియో తియ్యకండి, ఆ నాటకం హక్కులు ఉన్న కంపెనీకి స్కూలు డబ్బు కట్టి లైసెన్స్ తీసుకుంటుంది, చాలావాటికి రికార్డింగ్ ఒప్పుకోరు. షో అయ్యాక పిల్లలు మేకప్‌తోనే బయట లాబీలోకి వస్తారు, అందరూ పూలగుత్తులు పట్టుకుని నిలబడతారు, మీరూ ఒకటి తీసుకెళ్లండి.

టికెట్ కొనేముందు మనవణ్ణి ఒక్క మాట అడగండి, ఎక్కువసేపు ఏ వైపు నిలబడతావురా అని. స్టేజ్ లెఫ్ట్ అని చెప్తే అది వాడి ఎడమ, మీకు కుడి. ఆ వైపు సీటు తీసుకోండి.