స్కాన్ అయితే అసలు మందేనా?

ప్రశ్న: మా అమ్మగారికి కొన్న బీపీ మాత్రల క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఒక బ్యాచ్ నంబరు వస్తోంది, స్ట్రిప్ మీద ఇంకొకటి అచ్చయి ఉంది. షాపాయన "స్కాన్ అయింది కదా, ఒరిజినలే. కావాలంటే మార్చి ఇస్తా" అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆ స్ట్రిప్ మాత్రం తిరిగి ఇవ్వకండి. అది చేయి దాటితే మీ దగ్గర సాక్ష్యం ఉండదు. ఆ మాత్రలు ఆపి, డాక్టరుకు చెప్పి ఈరోజే వేరే షాపులో కొనండి. బీపీ మందు మధ్యలో మానకూడదు.

షాపాయన వాదన నిలవదు. డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ హెచ్2 అనే జాబితాలో ఉన్న 300 బ్రాండ్లకు 2023 ఆగస్టు 1 నుంచి బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ తప్పనిసరి. అందులో ప్రోడక్ట్ ఐడీ, మందు పేరు, తయారీదారు చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్, తయారీ, ఎక్స్‌పైరీ తేదీలు ఉండాలి. కానీ స్ట్రిప్ స్ట్రిప్‌కూ విడి సీరియల్ నంబరు ఉండాలని ఆ నిబంధన అడగలేదు. నా దృష్టిలో అదే పెద్ద లోటు. అసలు స్ట్రిప్ మీది కోడ్‌ను నకిలీవాళ్లు ఉన్నదున్నట్టు అచ్చేసుకోవచ్చు, అదీ స్కాన్ అవుతుంది. కాబట్టి వివరాలు కలిసినా మందు అసలుదని తేలదు. కలవకపోతే మాత్రం గట్టిగా అనుమానించాల్సిందే. జాబితాలో లేని మందుకు కోడ్ లేకపోతే అది తప్పు కాదు.

స్ట్రిప్ రెండు వైపులా, స్కాన్ ఫలితం, బిల్లు ఫొటోలు తీసి కంపెనీకి ఈమెయిల్ పంపండి. ఈ బ్యాచ్ మీదేనా, ఏ స్టాకిస్టుకు వెళ్లిందని రాతపూర్వకంగా అడగండి. జవాబు కోసం ఆగకుండా అదే రోజు డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు ఇవ్వండి. ఆలస్యమైతే షాపులో ఆ బ్యాచ్ మిగలదు. ఆయన చట్టప్రకారం తీసిన శాంపిల్‌పై ప్రభుత్వ అనలిస్టు ఇచ్చే రిపోర్టును 28 రోజుల్లోగా సవాలు చేయకపోతే కోర్టులో అదే తుది సాక్ష్యం. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం సెక్షన్ 26 కింద ఫారం 14ఏతో ఫీజు కట్టి మీరే పరీక్షకు పంపవచ్చు. ఎన్ని మాత్రలు కావాలో ముందు కనుక్కోండి, తెరవని స్ట్రిప్‌లే ఇవ్వండి.

నకిలీ మందు అమ్మితే అదే చట్టం సెక్షన్ 27(సి) కింద కనీసం ఏడేళ్ల జైలు. అయితే లైసెన్స్ ఉన్న డీలరు దగ్గరే కొన్నానని, తగిన జాగ్రత్త తీసుకున్నా నకిలీ అని తెలియలేదని, సరిగ్గా నిల్వ చేశానని షాపువారు రుజువు చేస్తే సెక్షన్ 19(3) కింద బయటపడతారు. అందుకే షాపు కొనుగోలు బిల్లులు కూడా పరిశీలించమని ఫిర్యాదులోనే రాయండి.

పరిహారం కోసం రెండేళ్లలోపు మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కొన్న ధర ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు.